పోలయ్య ఆపద తీరేదాకా

మా బావ వెంకటన్న వనపర్తిలో పళ్లు కడతాడు. కర్నూలులో ఒక పళ్ల డాక్టరు దగ్గర చాలాకాలం పనిచేసి, అచ్చు తీయడం, మైనం పోయడం, పళ్లు అమర్చడం నేర్చుకుని వచ్చి, ఇంటి ముందు గదిలోనే దుకాణం పెట్టాడు. నేను ఆయనకు బామ్మర్దిని. ఆయన్ని మెచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు. అయినా ఆయన కట్టిన పళ్లతో చెరుకు కొరికినవాళ్లను చూశాను కాబట్టి, పనిమంతుడని ఒప్పుకుంటాను. మిగతా విషయాల్లో మాత్రం ఒట్టి మొండిమనిషి. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన తల్లి, మా అత్తమ్మ ఇందిరమ్మను చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

రెండువేల నాలుగో సంవత్సరంలో బావకు వచ్చిన కష్టం ఆ అత్తమ్మే. ఊరందరికీ పళ్లు కట్టే మనిషి, కన్నతల్లి నోట్లో మాత్రం ఒక్క పన్ను లేదు. కట్టలేదని కాదు. తన పనితనమంతా చూపించి చేసిన సెట్టు గూట్లో, నీళ్ల గిన్నెలో మునిగి, వచ్చేపోయేవాళ్లను చూసి నవ్వుతూ ఉండేది. అత్తమ్మ సరిగ్గా దుకాణం గడప పక్కనే పీట వేసుకుని, పాలలో నానిన జొన్నరొట్టెను బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ కూర్చునేది. వీపనగండ్ల నుంచి వచ్చిన ఒక రైతు ఆమెను చూసి, "ముందుగాల మీ అమ్మకు పెట్టు, ఎనక నాకు పెడుదువు" అని వచ్చిన దారినే పోయాడు. ఆ రోజు బావ అన్నం తినలేదు. అత్తమ్మ ఆకలి కూడా ఆయన్ని బాధపెట్టేది. ఆమె రోజురోజుకూ చిక్కిపోతూ ఉంది.

అడిగితే ఆమె చెప్పే కారణం ఒక్కటే, మొక్కు. ఆ మొక్కు ఎవరి కోసమో వింటే మీరు నవ్వుతారు. ఒక వారపత్రికలో వచ్చే 'బూరుగుకోట రాణి' అనే సీరియల్లో ద్వారపాలకుడు పోలయ్య కోసం.

ఆ సీరియల్‌ను మా అక్క పద్మ ప్రతివారం అత్తమ్మకు చదివి వినిపించేది. అత్తమ్మకు చదువు రాదు గానీ, ఎవరు ఎవర్ని ఏ వారం ఏమన్నారో అన్నీ గుర్తే. అందులో రాణి మేఘావళి ఉంది, కోట మీదికి దండెత్తి వచ్చే దుర్మార్గుడు కోరలరాయుడు ఉన్నాడు. అత్తమ్మకు వాళ్లిద్దరి మీదా పట్టింపు లేదు. ఆమెకు కావలసినవాడు కోట తలుపు దగ్గర నిలబడి వచ్చినవాణ్ణల్లా "ఎవడ్రా నువ్వు?" అని కసిరే ముసలి పోలయ్య. ఒక వారం కథ, కోరలరాయుడి సైన్యం తలుపు బద్దలు కొడుతుంటే పోలయ్య ఒక్కడే గడియకు వీపు ఆనించి నిలబడిన చోట ఆగింది. అదే వారం అందరూ గద్వాల జములమ్మ జాతరకు పోయారు. అత్తమ్మ అమ్మవారి ముందు నిలబడి, "తల్లీ, పోలయ్య ఆపద తీరేదాక నేను పండ్లు పెట్టుకోను" అని మొక్కేసింది. ఆ మరుసటి వారం నుంచి పత్రిక రాలేదు. మూతపడిందని బస్టాండులో పేపర్లమ్మే ఆయన చెప్పాడు.

ముందు మా అక్క ఒక ఉపాయం చేసింది. పాత సంచిక ఒకటి చేత్తో పట్టుకుని, చూసి చదువుతున్నట్టే సొంతంగా కథ అల్లి, పోలయ్యను బయటపడేసింది. అత్తమ్మ సగం దాకా విని చెయ్యెత్తి ఆపింది.

"పోలయ్య గట్ల మాట్లాడడు. రాణిని 'అమ్మగారు' అంటడా వాడు? ఇది కత గాదు, అబద్ధం."

"మరి ఏం జేయమంటవత్తా? రాసెటోడే రాస్తలేడాయె" అంది మా అక్క.

"రాసెటోడు లేకుంటె గవ్వలు లెవ్వా? గవ్వలు ఏస్తె ఎట్ల పడితె అట్ల నడవని. మీ చెయ్యి పడొద్దు, అంతే."

అలా యుద్ధం మా ఇంట్లోకి వచ్చింది. అష్టాచెమ్మ ఆడినట్టే ఆడాలని నిర్ణయమైంది. రాణి పక్షం బావ, కోరలరాయుడి పక్షం నేను. పోలయ్య ప్రాణంతో ఉండగా రాణి గెలిస్తే వాడి ఆపద తీరినట్టు. అక్క చింతగింజలు తెచ్చి పెడితే, అత్తమ్మ వాటి వంక చూసి కళ్లెర్ర చేసింది. "పోలయ్యను చింతగింజ జేస్తరా?"

బావ లేచి, బొమ్మల బండి దగ్గరికి పోయి, పచ్చరంగు ప్లాస్టిక్ సిపాయిల ప్యాకెట్లు కొనుక్కొచ్చాడు. వేలెడంత సిపాయిలు, అందరి చేతుల్లో తుపాకులు. అప్పటి నుంచి ఆయన అసలు పని కొసరైపోయింది.

తుపాకులు కోసి పారేశాడు. కట్టుడు పళ్లకు కొక్కేలు పెట్టే తీగె వంచి ఈటెలు, కత్తులు చేశాడు. ఇనుప టోపీల మీద మైనంతో తలపాగాలు చుట్టాడు. పళ్ల సెట్టుకు వాడే పొడిలో మందు కలిపితే మెత్తటి ముద్దవుతుంది, గంటలో రాయిలా గట్టిపడుతుంది. దానితో ముఖాలు, పొట్టలు, మీసాలు పెట్టాడు. చిక్కేమిటంటే ఆ ముద్ద చిగుళ్ల రంగులో ఉంటుంది. బూరుగుకోట సైన్యమంతా ఎండలో వేరుశనగ పీకి వచ్చినట్టు ఎర్రగా కమిలిపోయి తయారైంది. మా అక్క గోళ్లకు వేసుకునే రంగు, సైన్‌బోర్డులు రాసే ఆయన దగ్గర మిగిలిన రంగులు తెచ్చి, నాలుగు వెంట్రుకలు మిగిలిన కుంచెతో కళ్లూ నగలూ దిద్దాడు. ప్యాకెట్లో ఆడమనిషి లేదు కాబట్టి ఒక సిపాయికే మైనం చీర కట్టి రాణిని చేశాడు. చీర కుచ్చిళ్ల కింద బూట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. బోర్లా పడుకుని పాకే సిపాయి ఏ పనికీ రాక, నా పక్షాన వేగులవాడయ్యాడు.

నాకు ఒళ్లు మండించింది మా రాజు విషయం. కోరలరాయుడంటే పేరులోనే ఉంది, వంకర కోరలుండాలి. బావ చేస్తే మాత్రం వరుస తప్పని తెల్లటి పళ్లతో, పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికొడుకులా నవ్వుతూ వచ్చాడు. తీసి మళ్లీ చేయమన్నాను. మళ్లీ అంతే.

"నా రాజుకు కోరలు పెట్టు బావా! వీన్ని జూసి ఎవడు భయపడుతడు?"

"వంకర పండ్లు పెట్టుడు నాతోని గాదు బామ్మర్ది. ఒక్కసారి పెడితె చెయ్యి అలవాటు పడుతది."

"బొమ్మకు పెడితె గూడ అలవాటు పడుతదా?"

"నోరు నోరే గద" అన్నాడు.

కోటను కూడా ఆయనే కట్టాడు. దుకాణంలో పాత అచ్చులు, అంటే మనుషుల దవడల సున్నపు నమూనాలు, గుట్టలుగా పడి ఉండేవి. వాటిని చెక్కబల్ల మీద గుండ్రంగా పేర్చితే, పళ్లు పైకి తేలి, కోట గోడల మీది కొమ్ముల్లా సరిగ్గా కుదిరాయి. తూర్పు బురుజు నేను పనిచేసే ఎరువుల దుకాణం సేటు కింది దవడ. పడమటి గోడ అమరచింత మగ్గాల ఆయన దవడ. దానికి ముందు పళ్లు రెండు లేక, అక్కడ సందు ఉండేది. నా సైన్యం ఎప్పుడూ ఆ సందు మీదే పడేది.

ఇక పోలయ్య. మిగతా బొమ్మల జోలికి రాని అత్తమ్మ, పోలయ్యను చేసేటప్పుడు మాత్రం పీట తెచ్చుకుని బావ ఎదురుగా కూర్చుంది.

"తువ్వాల ఎడమ బుజం మీద ఎయ్యి. చెవి మీద బీడి పెట్టు. కాలు జర ఒంకర. ఆ, అట్ల."

ఇవేవీ సీరియల్లో లేవు. బావ తలెత్తి మా అక్క వైపు చూశాడు. మా అక్క నా వైపు చూసింది. అవన్నీ గంగయ్య మామవి. బావ వాళ్ల నాయన నూనె మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా బతుకంతా గడిపాడు. వేరుశనగ గుట్టల మధ్య ఉంటూ, పళ్లు ఊడిపోయాక ఒక పల్లీ గింజను బుగ్గన పెట్టుకుని పొద్దంతా చప్పరించేవాడట. అప్పటికి బావకు ఈ పని రాదు. ఆయన పోయాకే కర్నూలు పోయి నేర్చుకున్నాడు. మామ దవాఖానలో ఉన్నప్పుడు కూడా అత్తమ్మ మొక్కింది, కానీ ఆయన ఇంటికి రాలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాళ్లు పోలయ్య మొక్కు గురించి నవ్వుతూ ఉన్నందుకు ఆ రోజు నాకే నా మీద విసుగు పుట్టింది.

బావ పోలయ్య నోట్లో పళ్లు పెట్టలేదు. ఆయన చేతి కింద పళ్లు లేకుండా బయటికి వచ్చిన నోరు అదొక్కటే.

యుద్ధం తొలకరిలో మొదలైంది. ఆదివారాలు అన్నాలు తిన్నాక గవ్వలు వేసేవాళ్లం. వేరుశనగ కాయ పట్టింది, ఊరింది, పీకే రోజులొచ్చాయి, మా యుద్ధం మాత్రం తెగలేదు. తప్పు మాదే. అష్టాచెమ్మలో కాయ చస్తే ఇంటికి పోతుంది, చెమ్మ గానీ అష్ట గానీ, అంటే నాలుగో ఎనిమిదో పడితే మళ్లీ బయటికి వస్తుంది. ఆ పద్ధతే ఉంచుకున్నాం. కోరలరాయుడు చస్తాడు, వారం తిరగకముందే నవ్వుతూ లేచి వస్తాడు. రాణి బూట్లతో సహా చస్తుంది, మళ్లీ వస్తుంది. పోలయ్య చచ్చినప్పుడల్లా అత్తమ్మ ఆ పూట పాలరొట్టె కూడా ముట్టదు. వాడు లేచి వస్తేనే నోట్లో ముద్ద. ఆమె మెడ దగ్గర ఎముకలు తేలాయి.

చివరికి మా అక్కకు ఓపిక నశించింది. పొయ్యి దగ్గర నుంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"గిట్లయితె మనమంత పోయినా ఈ లడాయి ఒడువది. సచ్చినోడు సచ్చినట్టె అనుకోన్రి. ఇయ్యాల తెగాలె."

బావ ముఖం వాడిపోయింది. పోలయ్య ఒకసారి పోతే ఇక మొక్కు తీరే దారే లేదు, ఆమె నోట్లో పళ్లు ఎప్పటికీ పడవు. అందరం అత్తమ్మ వైపు చూశాం. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, "సరే, అట్లనే" అంది.

ఆ ఆదివారం బావ ఆట చూస్తే నవ్వొచ్చేది. పోలయ్యను తీసుకుపోయి సేటు దవడ వెనక దాచాడు. రాణి చచ్చినా సరే, వాడు మాత్రం కదలడు. రెండు మూడు వరసలు చూసి అత్తమ్మే కసిరింది.

"దర్వాజ కాడ ఉండెటోన్ని ఇంట్ల దాస్తవేందిరా? వాని పనేంది? తీసుకపోయి గేటు కాడ పెట్టు."

బావ తెచ్చి పెట్టాడు. గవ్వలు నా చేతికొచ్చాయి. మా పాకే వేగులవాడు పోలయ్యకు మూడు గళ్ల దూరంలో ఉన్నాడు. నేను ఆటలో ఓడిపోతే రెండు రోజులు అన్నం సయించని రకం. కానీ ఆ రోజు మూడు పడొద్దని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. గవ్వలు వేశాను. మూడు వెల్లకిలా పడ్డాయి, ఒకటి బోర్లా.

నేను గబగబా గవ్వలు ఏరుకున్నాను.

"చెయ్యి జారిందత్తమ్మా, మళ్ల ఏస్త" అన్నాను.

"జారలే. నేను జూసిన."

"పోనీ పాత పద్ధతే ఉంచుదం. చెమ్మ పడితె ఒస్తడు."

అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. చెయ్యి చాచి పోలయ్యను తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తువ్వాలు ఉన్న భుజాన్ని బొటనవేలితో మెల్లగా రాసింది.

"ఒద్దు పిలగా. మళ్ల మళ్ల సచ్చుడు వానికెందుకు? పోయిండు, పోనీ."

కళ్లు తుడుచుకుని బావ వైపు తిరిగింది.

"పండ్లు తే."

బావకు అర్థం కాలేదు. "మొక్కు?"

"ఆపద తీరేదాక అన్న గద. ఇంక వానికేం ఆపద? ఎవడొచ్చి తలుపు కొట్టినా వానికి భయం లేదు ఇగ. తే, ఆకలైతుంది."

బావ గిన్నె తేవడానికి పోయి దారిలో సగం నీళ్లు ఒలకబోశాడు. ఎంతమందికో పెట్టిన మనిషి, తల్లికి పెట్టేటప్పుడు పైది ముందో కిందిది ముందో మరిచిపోయాడు. ఆమె అటూ ఇటూ దవడ కదిలించి, "బిగువైనయ్" అని ముందు ఒక వంక పెట్టింది. అక్క వేయించిన పల్లీలు పళ్లెంలో తెచ్చింది. అత్తమ్మ ఒక గింజ కొరికింది. టక్కుమన్న చప్పుడు మా అందరికీ వినిపించింది. ఆమె నములుతూ ఏడ్చింది, ఏడుస్తూ నమిలింది. బావ గోడ వైపు తిరిగి రుమాలు వెతుక్కున్నాడు. నేను కూడా ఏడ్చాను. బామ్మర్దినైనంత మాత్రాన దాచుకోవాలా ఏమిటి?

"మరి యుద్ధమత్తా? ఎవరు గెలిచినట్టు?" అని అడిగింది మా అక్క.

"మీరు మీరు జూసుకోన్రి" అంది అత్తమ్మ. ఆ తర్వాత మేం గవ్వలు ముట్టలేదు. రాణి గెలిచిందో నా పెళ్లికొడుకు గెలిచాడో ఇప్పటికీ తెలియదు.

పళ్లెం సగం ఖాళీ అయ్యాక ఆమె ఒళ్లోంచి పోలయ్యను తీసి బావ చేతిలో పెట్టింది.

"వీనికి గూడ పెట్టు."

బావ అక్కడే బల్ల ముందు కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, సూది మొనతో తెల్లటి పొడి ముద్దను అద్దుకుంటూ చాలాసేపు పని చేశాడు. ఆయన కట్టిన పళ్లన్నిటిలోకీ చిన్నవి అవే. పైవరస, కిందివరస, ఒక్కటీ వంకర లేదు. ఆరాక ఆమె పోలయ్యను దుకాణం గడప పక్కన, తన పీట ఎదురుగా నిలబెట్టింది. పళ్లెంలోంచి ఒక పల్లీ గింజ ఏరి వాడి కాళ్ల దగ్గర పెట్టింది.

"తిను" అంది. "మెల్లగ నమిలి తిను. ఇంక తొందరేం లేదు గద."