వదిన చేతి సూది

షుగరు పరీక్షకు ల్యాబు దాకా పోయే ఓపిక లేక, ఫోను చేస్తే ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోయే పద్ధతికి ఈమధ్య అలవాటు పడ్డాను. మొన్న పొద్దున ఒక కొత్త పిల్ల వచ్చింది, స్కూటరు మీద, భుజానికి చిన్న ఐసు పెట్టె తగిలించుకుని. నా చేతి నరాలు ఎప్పుడో లోపలికి పోయి దాక్కున్నాయి, కిందటిసారి వచ్చినాయన రెండు చేతులూ పొడిచి పొడిచి అలిసిపోయాడు కూడా, కాబట్టి ఈ పిల్ల వల్ల ఏమవుతుందిలే అని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల నా మోచేతి మడతలో వేలు ఆనించి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఏ ఊరవ్వా మీది? మీ పక్క వాన పడిందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగానే రక్తం గొట్టంలోకి వచ్చేసింది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. అందుకు సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఆ కళ్లు మూసుకోవడం, ఆ వాన సంగతి అడగడం మా వదిన పద్ధతి.

వదిన అంటే మా మేనమామ కూతురు, నాకంటే కాస్త పెద్దది. ఇద్దరం ఇంటర్ కాగానే అనంతపురంలో ఒకే హాస్టలు గదిలో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాం. మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆడపిల్ల చదువంటే టీచరు, కాకుంటే నర్సు. మా కోర్సు పేరు చెబితే ఊళ్లో ఎవరికీ తలకెక్కేది కాదు. చెనిక్కాయల పైరు, అదే వేరుశనగ, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి చేనంతా మాడిపోయిన ఏడాది అది, ఆకాశాన్ని నమ్ముకోనక్కర్లేని చదువేదైనా సరే అని నాయన నన్ను బస్సెక్కించాడు. అడిగినవాళ్లకు మాత్రం మా పాప నెత్తురు చూసే చదువు చదువుతాండాది అని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు.

సూది గుచ్చడం మేము మొదట ఒకరి చేతి మీద ఒకరం నేర్చుకున్నాం. వదిన నా చెయ్యి పట్టుకుంటే ఎప్పుడు గుచ్చిందో, ఎప్పుడు తీసిందో తెలిసేది కాదు. నేను గుచ్చితే ఆమె చెయ్యి వంకాయ రంగుకు తిరిగింది. ఆ చేతిని హాస్టలంతా తిప్పి, మా మరదలు పెట్టిన వంకీ చూడండే అని నవ్వింది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను కానీ లోపల ఎంత ఉడికిపోయానో నాకే తెలుసు. మైక్రోస్కోపు ముందు మాత్రం నాదే పైచేయి. మలేరియా క్రిమి ఏ మూల నక్కి ఉన్నా నా కంటికి దొరికేది. వదినకేమో కళ్లు నీళ్లు కారడమే తప్ప ఏమీ కనిపించేది కాదు. సూది ఎవరైనా గుచ్చుతారు, అసలు విద్యంతా కంటిలో ఉంటుంది అని మా సారు అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను.

చదువయ్యాక నాకు పెద్దాసుపత్రి ల్యాబులో సర్కారు ఉద్యోగం వచ్చింది, వదినకు ఉరవకొండలో ఒక డాక్టరు గారి క్లినిక్కు పక్కన ఇరుకు గది దొరికింది. మాతో చదివినవాళ్లలో ఒకామె బ్లడ్ బ్యాంకులో చేరింది, ఇంకొకాయన బెంగళూరులో పరీక్షల మిషన్లు అమ్మే కంపెనీలో చేరి కారు కూడా కొన్నాడు. వాళ్లెవరి మీదా నాకు ఈర్ష్య లేదు, ఉన్నదంతా ఆ ఇరుకు గది మీదే. మా పల్లెల్లో ఒంట్లోంచి తీసిన నెత్తురు మళ్లీ ఊరదని ఒక భయం ఉండేది కదా, అందుకని వదిన ఒక డబ్బా నిండా చెనిక్కాయల బెల్లం ఉండలు చేయించి పెట్టుకుని, రక్తం ఇచ్చినవాళ్ల చేతిలో ఒకటి పెట్టేదట. ఆయమ్మ లేకుంటే రేపొస్తాంలే అని జనం వెనక్కి మళ్లేవారట. నా దగ్గరికి వచ్చినవాళ్లు కిటికీలోంచి చెయ్యి చాపి మొహం పక్కకు తిప్పుకునేవారు. నా ఉద్యోగమంతటిలో నన్నే పిలవమని అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

ఒకసారి ఆ డబ్బా తెచ్చి జనం కూర్చునే బెంచీ పక్కన పెట్టింది మా తెలివైన వదిన. పరగడుపున పరీక్షకు వచ్చినవాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి, గుడి ప్రసాదం కళ్లకద్దుకున్నట్టు తలా ఒకటి ముందే నోట్లో వేసుకున్నారు. ఆరోజు ఉరవకొండలో అందరికీ షుగరే. డాక్టరు గారు కేకలేశారని తెలిసి నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ సంబరం కూడా ఎంతోకాలం నిలవలేదు. మా అమ్మకు నీరసం చేసి రక్తం చూపించాల్సి వస్తే, కన్నకూతుర్ని పెద్దాసుపత్రిలోనే ఉంచుకుని, బస్సెక్కి ఉరవకొండకు పోయింది. ఎందుకమ్మా అంటే, "నీ చెయ్యి మోటు మే. ఆ పిల్ల గుచ్చితే గుచ్చినట్టే ఉండదు" అంది.

తరవాత మా ఆసుపత్రికి రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ వచ్చింది. మైక్రోస్కోపు అవసరం తగ్గింది, మలేరియాకు కూడా రెండు చుక్కలు వేసి గీత చూసే పట్టీలు వచ్చాయి, నేను మిషన్ అచ్చుకొట్టిన కాగితాలు చించి ఇచ్చే పనిలో పడి అలాగే రిటైరయ్యాను. వదిన మాత్రం ఆ వయసులో ధర్మవరంలో ప్రైవేటు కాలేజీకి పోయి పిల్లలకు సూది పట్టడం నేర్పింది. మోకాళ్ల నొప్పులని ఈమధ్యనే మానుకుంది.

రక్తం తీసిన చోట దూది అదిమి, ఆ పిల్ల సంచిలోంచి ఒక చెనిక్కాయల ఉండ తీసి నా చేతిలో పెట్టింది. "ముందు ఇయ్యకూడదు, తీసినాకనే ఇయ్యాలని మా మేడమ్ చెప్పిండాది అవ్వా" అంది. మీ మేడమ్ నా వదినే అని చెప్పబుద్ధి కాలేదు. ఉండ నోట్లో వేసుకున్నాను, పాడుది, రుచిగా కూడా ఉంది.

అసలు విద్య కంటిలో ఉందన్న మా సారు ఇప్పుడుంటే ఏమనేవారో. ఇన్నేళ్లు నేర్చిన నా చూపును ఒక మిషన్ మింగేసింది, మోచేతి మడతలో నరం వెతకడానికి మాత్రం ఇంకా మనిషి వేలే కావాల్సి వస్తోంది. వదిన వేళ్లు ఎంతమంది పిల్లల చేతుల్లో ఏయే ఊళ్లు తిరుగుతున్నాయో తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ కుళ్లుగానే ఉంది. ఆ పిల్ల స్కూటరు తిప్పుకుంటుంటే వాకిట్లోకి పోయి, పేరడిగి తెలుసుకుని, వచ్చే నెల కూడా నిన్నే పంపించమని చెప్పు పాపా అన్నాను.