తాళానికి తలంటు

దేవుడికి అభిషేకం చేసి పుణ్యం మూటగట్టుకున్నవాళ్లు లోకంలో కొల్లలు. అభిషేకం చేసి ఉన్న ఉద్యోగాన్ని గండంలో పడేసుకున్నవాణ్ణి మాత్రం, నాకు తెలిసినంతవరకు, నేనొక్కణ్ణే. పైగా చేసింది దేవుడికి కాదు, కారు తాళానికి. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

అప్పటికి నేను కువైట్ వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు రాయచోటిలో ఆటో నడిపేవాణ్ణి. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్ని. మా కఫీల్‌ను, అంటే నన్ను పనిలో పెట్టుకున్న ఇంటాయన్ని, అందరం బాబా అనేవాళ్లం. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున వాళ్లను బడిలో దించడం, మధ్యాహ్నం తీసుకురావడం నా పనుల్లో అన్నిటికన్నా పెద్దది. వంటింట్లో మరియమ్మ ఉండేది, కాకినాడ వైపు మనిషి. నన్ను అన్నయ్యా అని పిలిచేది. పిలిచిన పాపానికి నా తెలివితక్కువ పనులన్నిటికీ సాక్షిగా నిలబడాల్సి వచ్చింది.

ఆ ఏడు దసరా వచ్చింది. రాయచోటిలో ఆయుధపూజ నాడు నా ఆటో వైభోగం మీరు చూడలేదు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, చివర్లో గుమ్మడికాయతో దిష్టి. అన్నం పెట్టే బండికి ఏడాదికొక్కసారైనా దండం పెట్టాలని మా నాయన చెప్పేవాడు. కువైట్‌లో మొదటి ఏడు ఊరుకున్నాను, ఆ ఏడంతా టైర్లు పంక్చర్లవుతూనే ఉన్నాయి. రోడ్డు మీద మేకులు చల్లేది దేవుడు కాదని నాకు తట్టలేదు. అందుకని రెండో ఏడు పూజ చేసి తీరాలనుకున్నాను.

కానీ బండి నాది కాదు, బాబాది. ఆయన అయిదు పూటలా నమాజు చేసుకునే మనిషి. ఆయన తెల్లకారుకు బొట్టు పెడితే ఏమంటాడో! అడిగితే తెలిసేది. అడగలేదు. అక్కడే నా బుర్ర చురుగ్గా పనిచేసింది. నా బుర్ర చురుగ్గా పనిచేసిన రోజులన్నీ నాకు గుర్తే, ప్రతి రోజుకూ ఒక నష్టం జ్ఞాపకం ఉంది కాబట్టి.

బండి ప్రాణం తాళంలో ఉంది, తాళం నా జేబులో ఉంది. తాళానికి పూజ చేస్తే బండికి చేసినట్టే కదా అనుకున్నాను. అది పళ్లున్న పాతకాలపు తాళం కాదు, గుండీలున్న నల్లటి బిళ్ల. జేబులో ఉంటే చాలు, తలుపు పిడి మీద చెయ్యి వేయగానే కారు తెరుచుకుంటుంది. నల్లగా, నున్నగా, అచ్చం సాలగ్రామంలా ఉండేది. సాలగ్రామం కనపడ్డాక నా చెయ్యి ఊరుకుంటుందా? పొద్దున్నే మరియమ్మ దగ్గర తేనె అడిగి తెచ్చుకున్నాను. నా గదిలో స్టీలు పళ్లెంలో తాళాన్ని కూర్చోబెట్టి పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర, ఆపైన పసుపునీళ్లు, ఒకదాని తర్వాత ఒకటి, మంత్రాలు రాకపోయినా భక్తిగా పోశాను. తుడిచి కుంకుమ పెట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కకుండానే నేరుగా కడగడంతో మొదలుపెట్టాను.

తర్వాత కారు దగ్గరికి వెళ్లి పిడి పట్టుకుంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. గుండీలు నొక్కితే వేలికి తేనె అంటింది తప్ప కారు కదల్లేదు. పిల్లలిద్దరూ బడి సంచులతో మెట్ల మీద నిలబడ్డారు. బాబా బయటికొచ్చి ఏమైందన్నాడు.

తాళం కనపడటం లేదు బాబా, అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఈనాటికీ నాకు తెలియదు. నిజం చెప్పాలంటే పూజ గురించి చెప్పాలి, పూజ గురించి చెప్పాలంటే ధైర్యం కావాలి. బాబా తన దగ్గరున్న రెండో తాళంతో పిల్లల్ని తనే తీసుకెళ్లాడు.

మరియమ్మకు సంగతి చెప్పాను. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"తాళానికి తలంటు పోసేవేంటన్నయ్యా! తేనె రొట్టెలోకనుకున్నాను. ముందది బియ్యంలో పెట్టి, ఎళ్లి బాబాకి నిజం చెప్పెయ్యి. ఇయాల చెప్తే తిడతాడు, అంతే. రేపు చెప్తే తిట్టుతో పోదు."

"చెప్తా మరియమ్మా, తడి ఆరనీ. పనిచేస్తే దొరికిందని చెప్తా. ఇంగ గొడవే ఉండదు."

బియ్యం సంచిలో పాతిపెట్టాను గానీ నిజం చెప్పలేదు. ఆ రోజు ఇల్లంతా వెతుకులాట. సోఫాలు లేపారు, తివాచీలు దులిపారు. నేనూ అందరితో పాటు శ్రద్ధగా వెతికాను. మరియమ్మ చెత్తబుట్ట కెలుకుతూ నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. నేను అనుకోనిది ఏమిటంటే, తాళం పోవడం బాబాకు చిన్న సంగతి కాదు. ఎవరికో దొరికితే? వాళ్లకు ఇల్లు తెలిస్తే? ఆ కారులో కూర్చునేది తన పిల్లలు. మూడో రోజున, ఊరి బయట కార్ఖానాలుండే సబ్హాన్‌లో తాళాలు చేసే షాపుకు వెళ్లి పోయిన తాళం పనిచేయకుండా చేయిద్దాం పద, అన్నాడు.

బయల్దేరే ముందు బియ్యంలోంచి తాళం తీశాను. గుండీ నొక్కి చూసే ధైర్యం లేక, చచ్చిపోయిందనే నమ్మాను. సబ్హాన్‌లో ఏదో ఒక చెత్తకుండీలో పడేద్దామని చొక్కా జేబులో వేసుకున్నాను. సాక్ష్యం ఇంటికి దూరంగా మాయం కావాలి కదా!

అక్కడ బాబా కారు తాళం వేసి, కాగితాలు పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్లాడు. తన తాళం బల్ల మీద పెట్టి మాట్లాడుతున్నాడు. బయట నాతో నిలబడ్డ మెకానిక్‌ది నిజామాబాద్. తెలుగువాడు దొరికాడన్న సంబరంలో, పోయిన తాళాన్ని ఎలా ఆపుతారని అడిగాను.

"లోపల చిన్న చిప్పు ఉంటది అన్నా. నువ్వు దగ్గరికి పోంగనే బండి అడుగుతది, ఎవలు నువ్వు అని. చిప్పు జవాబు చెప్తది. ఆ జవాబు ఎప్పటికప్పుడు మారుతది, దొంగోడు విన్నా ఫాయిదా లేదు. మేం ఏం జేస్తమంటే, పోయినదాని పేరు బండి యాదిలకెంచి తీసేస్తం. గప్పుడు అది వచ్చి ఎంత మొత్తుకున్నా బండి గుర్తువట్టది."

నా గుండె తేలికపడింది. పేరు తీసేస్తే పీడా పోతుంది, నిజం ఎవరికీ తెలియదు. ఆ నిశ్చింతలో కారుకు ఆనుకుని, పిడి మీద చెయ్యి వేశాను.

టక్కుమంది. దీపాలు రెండుసార్లు మెరిశాయి. ముడుచుకున్న అద్దాలు చెవులు రిక్కించినట్టు తెరుచుకున్నాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. నన్ను ఎవరూ ఏమీ అనకముందే నేను తలుపు తడుముకున్నాను.

మెకానిక్ లోపల బల్ల మీదున్న తాళాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"అన్నా, నీ జేబుల ఏమున్నది?"

బాబా అద్దంలోంచి అంతా చూసి బయటికొచ్చి చెయ్యి చాపాడు. తాళం తీసి పెట్టాను. పసుపుపచ్చగా ఉంది, గుండీల సందుల్లో కుంకుమ. వచ్చీరాని అరబ్బీలో, హిందీలో, మధ్య మధ్య రాయచోటి తెలుగులో అంతా చెప్పేశాను. మా వైపు అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికొకసారి దండం పెట్టుకుంటామని, మీ బండికి చేయడానికి భయపడ్డానని చెప్పాను. బాబా కోప్పడి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

"తాళం పోయిందంటే బండి గురించి భయపడ్డాను. ఇప్పుడు తాళం దొరికింది. కానీ నా పిల్లల్ని రోజూ నీ చేతుల్లో పెడుతున్నాను, నువ్వేమో అబద్ధం చెప్పావు. ఇప్పుడు నేను దేనికి భయపడాలి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తేనె పట్టిన తాళాన్ని నమ్మొద్దని, ఎండలో పిల్లలతో నడిరోడ్డు మీద ఆపేస్తుందని మెకానిక్ చెప్పాడు. దాని పేరు తీసేసి కొత్తది చేయించారు. కొత్త తాళం, బాబా తాళం రెండూ ఆయన జేబులోకే వెళ్లాయి.

ఆ తర్వాత రెండు వారాలు పిల్లల్ని బాబానే దించాడు. నేను రోజూ కారు కడిగేవాణ్ణి, మొక్కలకు నీళ్లు పోసేవాణ్ణి, కారు నేను లేకుండా గేటు దాటుతుంటే చూస్తూ నిలబడేవాణ్ణి. తాళం మూడు రోజుల్లో ఆరింది గానీ అబద్ధం ఆరలేదు. బాబా నన్ను ఇంటికి పంపేస్తాడా అని మరియమ్మను రోజూ అడిగేవాణ్ణి.

"పంపేసేవాడైతే ఎప్పుడో పంపేసేవోడన్నయ్యా. నువ్వు మళ్లీ దాత్తావో లేదో చూత్తన్నాడు, అంతే" అంది.

ఒక పొద్దున కడుగుతుండగా బకెట్టు అంచు తగిలి వెనక తలుపు మీద సన్నటి గీత పడింది. వెంట్రుకవాసి. ఎవరికీ కనపడదు. నా బుర్ర మళ్లీ చురుగ్గా పనిచేయబోయింది. అది మొదలుపెట్టే లోపే తడి చేతులతో లోపలికి పరుగెత్తి, టీ తాగుతున్న బాబాకు చెప్పేశాను. ఆయన వచ్చాడు, వంగి చూశాడు, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. జేబులోంచి కొత్త తాళం తీసి నా తడి చేతిలో పెట్టబోయి, ఆగి, ముందు చెయ్యి తుడుచుకోమన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తాళం ఇచ్చాక బకెట్టు వైపు చూపించాడు.

"రోజూ ఈ బండికి బకెట్టు నీళ్లు పోస్తావు. ఆ రోజు ఆ నీళ్లలోనే పసుపు కలుపుకుని ఉంటే నిన్నెవరు అడిగేవాళ్లు? యల్లా, పద, పిల్లలకు ఆలస్యమవుతోంది."

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, రాయచోటి వాస్తవ్యుడనైన నేను ఇకమీదట బ్యాటరీ ఉన్న ఏ వస్తువునూ సాలగ్రామంగా భావించను, పాలు టీలోకి, తేనె రొట్టెలోకి తప్ప వాడను. ఒకవేళ పొరపాటున దేనికైనా తలంటు పోస్తే, తల తుడవకముందే పోయి బాబాకు చెప్పేస్తాను.