పలకల కొట్టంలో నీళ్ల టిక్కెట్టు

మార్కాపురంలో నాటకం చూడాలంటే కాసులు కాదు, బిందెడు నీళ్లు పట్టుకెళ్లాలని మా బడిలో డ్రిల్లు మాస్టారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నాటకాల పిచ్చిలో నన్ను మించినవాడు నరసరావుపేటలో లేడని నాకో గర్వం. వేసవి సెలవులు ఇవ్వగానే ఒక ఆదివారం ఉదయం ఆరున్నర బండికి బయల్దేరాను. సంచిలో రెండు పంచెలు, పెరుగన్నం మూట. చేతిలో, ఎందుకైనా మంచిదని నాటకం టిక్కెట్టుగా తెచ్చుకున్న మరచెంబు, దాని నిండా మా బావి నీళ్లు.

వినుకొండ దాటాక పొలాల్లో పచ్చదనం తగ్గింది. దొనకొండలో ఒక నడివయసు మనిషి, ఆయన భార్య ఎక్కి నా ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. ఆయన పేరు దేవదానం, మార్కాపురం పలకల గనిలో పని. నేను నాటకానికే వెళుతున్నానని తెలిసి సంతోషించాడు.

"ఈ పొద్దు రాజు వేషం నాదే అయ్యోరా," అన్నాడు. "ఆట జరిగితే."

జరక్కపోవడమేమిటని అడిగాను.

"పన్నెండేండ్లు తెర ఎనకాల నిలబడి అందరికీ మాటందిచ్చినా. అప్పుడు ఎవురికీ నొప్పి ల్యా. మొన్న చలికాలం రాజు వేసే సుబ్బరాయుడయ్యకు గొంతు పోయినాది. మాటలన్నీ వచ్చినోడు వీడేనని ఆయనే పలక మీద నా పేరు రాసి చూపిచ్చినాడు. కిరస్తానం పేటోడు రాజేందని పెద్దోళ్లు అంటాండారు. ఆట కొట్టం వాకిట్లో తొట్టి ఉంటాది, మా పేట బిందెలు అందులో పోస్తే వాళ్ల బిందెలు రావంట. తొట్టి గీత దాకా నిండకపోతే ఆట గంట కొట్టరు." కిటికీలోంచి చూస్తూ మెల్లిగా అన్నాడు: "ఆ కొట్టం గోడ ఎత్తింది మా నాయన. గోడ అవతల నిలబడి ఆట చూసిందీ మా నాయనే."

ఆయన భార్య మరియమ్మ కుండలోంచి లోటాతో నీళ్లు ముంచి నా వైపు చాచింది. "ఎండ మండిపోతాంది, గుక్కెడు తాగండి." దేవదానం ఆమె మోచేయి తాకి ఆపబోయాడు.

"దాహం లేదమ్మా," అన్నాను. నా నాలుక పిడచకట్టుకుపోతోంది. కాసేపాగి అటు తిరిగి నా మరచెంబులో రెండు గుక్కలు తాగాను. మనుషులంతా ఒక్కటేనని బడిలో పాఠం చెప్పేది కూడా నేనే. వాళ్లు చూసే ఉంటారు.

పదకొండింటికి మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగి జట్కా ఎక్కితే, ఊళ్లోకి చేరడానికి గంట పైనే పట్టింది. పూటకూళ్లింట్లో మూడణాలకు అన్నం, గోంగూర, పచ్చిపులుసు పెట్టారు. కారం గురించి ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మూడింటికి కొట్టం దగ్గరికెళ్లాను. గనిలో వృథాగా పోయిన పలకరాయి చెక్కల్ని మట్టితో పేర్చి కట్టిన గోడలు, వేదిక మీద మాత్రం బోదగడ్డి కప్పు. వాకిట్లో పెద్ద రాతితొట్టి, లోపల నీళ్లు అందాల్సిన ఎత్తుకు ఒక గీత. సుబ్బరాయుడు గారు అరుగు మీద పలకతో కూర్చుని ఉన్నారు. పలకల ఊరు కదా, వేషధారులకు మాటలు కూడా పలకల మీదే రాసిస్తారట. గొంతు పోయాక ఆయన సంభాషణంతా దాని మీదే. కొట్టం చరిత్ర అడిగితే రాస్తూ తుడుస్తూ చెప్పారు.

ఒక కరువు ఏట ఆట ఆపేద్దామనుకున్నారట. అప్పుడు ఎవరో, ఈ ఏడు కాసు కంటే నీళ్లకే విలువ, నీళ్లు తెచ్చినవాడే నిజంగా ఆట కోరినవాడు అన్నారట. అప్పట్నుంచీ ఇంటికో బిందె. ఆ నీళ్లే దుమ్ము లేవకుండా నేల తడపడానికి, వేషధారులు తాగడానికి. మిగిలినవి దూరం ఊళ్లకు నడిచివెళ్లేవాళ్లు నింపుకుంటారు. ఒకే తొట్లో పోసినవాళ్లు మళ్లీ ఆట దాకా పోట్లాడుకోకూడదు. ఎన్ని గట్టు తగాదాలు ఈ తొట్టి దగ్గర చల్లారాయో లెక్క లేదని రాశారాయన.

నాలుగున్నరకు బిందెలు వచ్చాయి. పేట ఆడవాళ్లు ఒక పక్క, ఊరి ఆడవాళ్లు ఇంకో పక్క నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. బంగారు కాగితం కిరీటంతో దేవదానం తెర సందులోంచి చూస్తున్నాడు. మరియమ్మ ముందుకొచ్చి బిందె వంచింది. పేట వాళ్లందరూ పోశాక తొట్టి సగం కూడా నిండలేదు.

"ఇంక మేం ఇండ్లకు పోతాం," అన్నాడు ఊరివాళ్లలో ఒక పెద్దమనిషి.

సుబ్బరాయుడు గారు లేచారు. లోటాతో తొట్లో నీళ్లు ముంచి, అందరూ చూస్తుండగా గటగటా తాగారు. తర్వాత ఆయన భార్య తన బిందె పోసింది. ఆమె వెనక కొందరు వచ్చారు. కొందరు నిండు బిందెలతోనే వెనక్కి మళ్లారు. నేనూ నా మరచెంబు ఖాళీ చేశాను. అయినా నీళ్లు గీతకు నాలుగు వేళ్ల కిందే నిలిచాయి.

సుబ్బరాయుడు గారు నీళ్ల వైపు కాసేపు చూశారు. నేల మీద మొనదేలిన రాయి ఒకటి తీసుకుని, నీళ్లు నిలిచినచోట కొత్త గీత గీశారు. గంట మోగింది.

దేవదానం గొంతు కంచులా పలికింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? మంత్రి మాటలు కూడా తనే పక్కకు తిరిగి గుసగుసగా అందించాడు. "రాజా, నీ మాట నువ్వు చెప్పుకో, మా మాటలు మాకొచ్చు!" అన్నాడు మంత్రి. కొట్టమంతా నవ్వింది. ఆ నవ్వులో పేట ఏదో, ఊరు ఏదో నాకు తెలియలేదు. మొదటిసారి వాళ్లంతా గోడకు ఇవతలే ఉన్నారు.

దీపాల వేళకు ఆట ముగిసింది. అందరితోపాటు నేనూ తొట్లో మరచెంబు నింపుకున్నాను. నిజం చెప్పాలి: ఆ రాత్రి సత్రంలో దాహమేస్తే బావి నీళ్లే తోడుకున్నాను.

మర్నాడు తిరుగు బండిలో దొనకొండ దగ్గర పక్కనున్న పెద్దాయన దాహంతో ఆయాసపడుతుంటే మరచెంబు మూత తీసి ఇచ్చాను.

"ఎక్కడివండీ నీళ్లు?"

"మార్కాపురం పలకల కొట్టంవి. నిన్న పేటవాళ్లూ పోశారు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దాహం లేదులెండి," అన్నాడు.

ఆ మాట నాకు బాగా తెలుసు. నిన్న ఇదే దారిలో నేనన్నదే. సిగ్గేసింది. ఈసారి అటు తిరగకుండా, ఆయన ఎదుటే చెంబెత్తి తాగాను.