దాహమంటే నీళ్ల దాహమే

మొన్న సోమవారం పొద్దున ఆయమ్మ పోయింది. కిషన్‌బాగ్‌లో మా ఇంటికి రెండిళ్లవతల ఉండేది. సర్కారు దవాఖానలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసింది కాబట్టి లోకానికంతా ఆయమ్మే. సమాధి దగ్గర ఒక పెద్దమనిషి ఆమెను సాత్వికురాలన్నాడు. నేనొప్పుకోను. మనిషిని పాతిపెట్టండి, ఆమె పొగరును పాతిపెట్టకండి.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. అయిదో మాట, దాహం, నాది. నేను వర్క్‌షాపు ఫిట్టర్ని, ఆరో తరగతి దాటినవాణ్ణి కాదు. అయినా పాత పుస్తకాల బండ్ల మీద దొరికిందల్లా చదివి, అది నీళ్ల దాహం కాదనీ, ఆత్మల కోసం దాహమనీ పదేళ్లు నిరూపించాను. (ఒకసారి అదే ప్రసంగం ఒక పెళ్లిలో కూడా చేశాను. ఎవరూ గుర్తుపట్టలేదు.)

ఒక ఏడు ఆరాధన అవగానే ఆయమ్మ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"అన్నా, సచ్చేటోణ్ణి ఎన్నడన్న దగ్గరుండి జూసినవా?"

"ఎందుకమ్మా?"

"నేను జూసిన. నోట్లె తడిబట్ట పిండిన. ఆఖరుకు పెండ్లాం కావాల్నని అడగరు, పిల్లలు కావాల్నని అడగరు. నీళ్లడుగుతరు. ఆయన సుత గదే అడిగిండు. దానికి నువ్వు గింత పెద్ద అర్థం జెప్తివి, ఏంది?"

మరుసటేడు గుడ్ ఫ్రైడేకి చర్చి గేటు బయట కుండ పెట్టి, చెంబు పట్టుకొని కూర్చుంది. పీర్ల పండుగకు పాతబస్తీ గల్లీల్లో, దప్పికతో ప్రాణం విడిచినవాళ్ల పేర నీళ్లు పోస్తారు కదా, అచ్చం అలాగే. సంఘం సెక్రటరీ ఉరికొచ్చాడు.

"ఇది చర్చి, పీర్ల కొట్టం గాదు. తియ్యి!"

"వాళ్లు దప్పికను యాది జేసుకొని కుండ వెడ్తున్రు. మనం ప్రసంగం వెడ్తున్నం. సిలువ మీద ఆయన అడిగిననాడు పులిసిన రసం అందిచ్చిన్రు. నేను మంచినీళ్లు పోస్తున్న. తప్పా?"

"సంఘం పుస్తకంల నీ పేరు కొట్టేస్తం."

"కొట్టెయ్ సారూ. కుండకు మాత్రం చెయ్యి వెట్టకు."

లోపల ఆరాధన మొదలైంది. జుమ్మా నమాజు నుంచి వస్తున్న ఒక ముసలాయన కుండ దగ్గర ఆగి, ఈ నీళ్లు ఎవరి పేర అని ఉర్దూలో అడిగాడు. కిటికీ పక్కనున్న నాకు ఆమె జవాబు వినబడింది. "ప్యాసా మరే సో ఆద్మీ కే నామ్ పే." దాహంతో చచ్చిపోయిన మనిషి పేర. అంతలో నా వంతు వచ్చింది. పాత కాగితమే విప్పి, పాత ప్రసంగమే చదివాను. ఎవరూ వినలేదు. పొద్దుటి నుంచి ఉపవాసమున్న జనం, అందరి చెవులూ బయటి నీళ్ల చప్పుడు మీదే.

తర్వాత అన్నంత పనీ చేశారు. పేరు కొట్టేసిన కాగితం మీద కమిటీ సభ్యుడిగా నా సంతకమూ ఉంది, దాచను. రెండేళ్లు ఆమెను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆమె క్షమాపణ రాయలేదు, కుండ మానలేదు. చివరికి వాళ్లే, అంటే మేమే, పేరు మళ్లీ రాసుకున్నాం.

నా కళ్ల ముందు నిలిచింది మాత్రం ఆ మొదటి మధ్యాహ్నం. మూడింటికి ఆరాధన ముగిసింది. నాలుక పిడచకట్టుకుపోయి, తలదించుకొని గేటు దాటబోయాను.

"ఏందన్నా, ఆత్మల దప్పికనా, నీళ్ల దప్పికనా?"

"నీళ్లదే" అన్నాను.

నవ్వలేదు. దోసిలి పట్టమంది. నీళ్లు మోచేతుల మీదుగా కారి ఇస్త్రీ చొక్కా తడిసిపోతున్నా, చాలని నేను తలెత్తేదాకా ఆమె పోస్తూనే ఉంది.