పటిక వేసిన సీసా

నా చిన్నప్పుడు రాజమండ్రిలో మా కిరాణా కొట్టున్న వీధికి మట్టి కాలవే గతి. గరికా తుంగా పెరిగి, దారి తప్పినవాడు తవ్వినట్టు వంకర్లు తిరిగేది. పక్క వీధిలో, మా మేనత్త వాళ్ళింటి ముందు మాత్రం ఆ వేసవిలో సిమెంటు కాలవ కట్టారు. నున్నగా, తిన్నగా, కొత్త పళ్ళెంలా ఉండేది. అంతవరకూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత మా తాతయ్య సాయంత్రాలు కొట్టు మా నాన్నకి వదిలేసి, పడక్కుర్చీ వాళ్ళ అరుగు మీద వేయించుకోవడం మొదలుపెట్టారు. అక్కడ వాసన లేదట. నాకు రావలసిన కథలన్నీ మా అత్త కూతురి చెవిన పడుతున్నాయి. దానిదీ నాదీ ఒకే ఈడు. కడుపు మండదా మరి?

పైగా అది ఊరుకునేది కాదు. "మీ కాలవలో కప్పలు కూడా ముక్కు మూసుకుంటాయంట కదే!" అనేది. ఆ ఉక్రోషంలో పందెం కట్టాను. తొలకరి వాన పడ్డాక రెండు కాలవల నీళ్ళూ పట్టాలి, ఎవరివి తేటగా ఉంటే వానాకాలమంతా తాతయ్య కుర్చీ వాళ్ళ అరుగు మీదే. తీర్పు తాతయ్యదే. "నాకింకా గిరాకీ ఉందన్నమాట" అని నవ్వారాయన.

బేరం కుదిరాక గాని సరుకు చూసుకోలేదు నేను. మా కాలవ చూస్తే ఓటమి ఖాయమనిపించింది.

రెండు కాలవలూ లారీలు ఆగే బజారు రోడ్డు దగ్గరే మొదలయ్యేవి. రోళ్ళు పగిలే రోహిణి ఎండల్లో ఆ రోడ్డు మీద నెలల తరబడి దుమ్ము, నూనె, పేడ పేరుకున్నాయి. మృగశిరలో ఒక మధ్యాహ్నం దబదబా వాన కురిసి, అదంతా ఒక్కసారే కాలవల్లో పడింది. ఇద్దరం కింది చివరకి పరిగెత్తి చెరో సీసా పట్టుకొచ్చి, కొట్లో బల్ల మీద పెట్టాం. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు నీళ్ళు తేరడానికి బిందెలో పటిక తిప్పడం ఇంటింటా ఉన్నదే. మా అత్త కూతురు వెళ్ళగానే కొట్లోని పటిక డబ్బాలోంచి చిన్న ముక్క తీసి నా సీసాలో వేసేశాను.

మర్నాడు దాని సీసాలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. పైన రంగురంగుల నూనె తెర, అడుగున వేలెడు మడ్డి. నావి అద్దంలా ఉన్నాయి. గంతులేయబోయాను. తాతయ్య నా సీసాని వెలుతురుకి పెట్టి, అడుగున ఏకిన దూదిలా పేరుకున్నదాన్ని చూశారు.

"అమ్మడూ, నలభై ఏళ్ళుగా పటిక అమ్ముతున్నానే నేను!"

అప్పుడు బల్ల కింద నుంచి ఇంకో సీసా తీశారు. నిన్న మా కాలవలోనే, నా వెనకాలే వచ్చి ఆయన పట్టిన నీళ్ళు. కాస్త మట్టిరంగే గాని, నూనె తెర లేదు, మడ్డి పలచన. మా అత్త కూతురి సీసా పక్కన అది మజ్జిగ తేటలా కనిపించింది. సిమెంటు కాలవలో నీళ్ళు చెప్పిన ధర ఇచ్చేసి పరిగెత్తేవాడిలా పోతాయట, మురికి అంతా మోసుకుని. మట్టి కాలవలో గరిక దగ్గరా వంపు దగ్గరా ఆగి బేరమాడతాయట. ఆగిన చోటల్లా కొంత దింపుతాయట.

"కాలవ గెలిచింది, నువ్వు ఓడిపోయావు. మంచి సరుకుని కల్తీ చేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే!" అన్నారు.

ఆ వానాకాలం కుర్చీ వాళ్ళ అరుగు మీదే ఉంది. వారం రోజులు బిగుసుకు కూర్చుని, ఆ తర్వాత సిగ్గు విడిచి నేనే అక్కడికి వెళ్ళాను. మా అత్త కూతురు నాకు చోటిస్తూ పక్కకి జరిగింది. అదింకా మంటగా అనిపించింది.

ఈర్ష్య నన్ను వదిలిందని చెప్పను. ఎవరిది మెరిసినా ఇప్పటికీ నా చూపు అటే పోతుంది. కాకపోతే అప్పుడు ముందు నాదేంటో తీరిగ్గా చూసుకుంటాను. ఒక్కోసారి నాది నిజంగానే నాసిరకమని తేలుతుంది. అయినా ఏమీ కలపను.