తుమ్మును నమ్మిన అత్తమ్మ

పోయిన నెల ఒక సోమవారం, మూడో తరగతి పిల్లలకు ఒత్తులు రాయిస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. బడి వేళలో ఆయన ఎన్నడూ ఫోన్ చేయడు. "అమ్మ పోయింది" అన్నాడు, అంతే. అత్తమ్మ పొద్దున చాయ తాగి, వరండాలో గోడకు ఆనుకొని కూర్చుని, అలాగే పోయిందట. మంచం పట్టలేదు, ఎవరి చేతా నీళ్లు తాగించుకోలేదు. డెబ్బై దాటిన మనిషి అలా పోతే మా సిద్దిపేటలో పుణ్యం చేసుకుందంటారు. నేనూ అదే అనుకుని ఏడుపు ఆపుకోవాలని చూశాను. ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా చుట్టాలు. ఇంకా స్నానమైనా చేయించలేదు, ఒకావిడ నా చెవి దగ్గరికి వంగి, ఇక ఆ కుక్కను ఏం చేస్తారని అడిగింది. నాకు కుక్క పడదని మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. ఆ కుక్క అత్తమ్మది. అత్తమ్మే పోయాక దానికి ఈ ఇంట్లో ఏం పని అని ఆవిడ ఉద్దేశం. నాకు ఒళ్లు మండింది. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు, ఏడేళ్లు వెనక్కి పోవాలి.

మామయ్య పోయాక అత్తమ్మ పాతింట్లో మగ్గం విప్పించేసి మా ఇంటికి వచ్చింది. తెచ్చుకున్నవి రెండే, ఒక ట్రంకు పెట్టె, ఒక ఎర్రటి ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు నూలు చుట్టిన కండెల గంపలో ముడుచుకుని పడుకుని దొరికిందని దానికి కండె అని పేరు పెట్టుకున్నారు. మామయ్య నేస్తున్నంతసేపూ అది మగ్గం పక్కనే పడుకునేది. ఆయన చివరి రోజుల్లో దాన్ని చూపించి విడిచిపెట్టొద్దని చెప్పి పోయాడు. అత్తమ్మకు అది కుక్క కాదు, మొగుడు అప్పగించిపోయిన పని.

అది వచ్చిన నాలుగో రోజే నాకు తుమ్ములు మొదలయ్యాయి. తుమ్మితే ఒకటి కాదు, పది. కళ్లు ఎర్రబడేవి. నెల తిరిగేసరికి ఛాతీలో పిల్లికూతలు. మొదట చాక్‌పీసు పొడి అనుకున్నాను. తర్వాత తాలింపు ఘాటు అనుకున్నాను. మిరియాల పాలు, పసుపు ఆవిరి, ఎవరు ఏది చెబితే అది చేశాను. పాఠం మధ్యలో ఊపిరి ఆడక కుర్చీలో కూలబడితే పిల్లలు నీళ్ల సీసాలతో చుట్టూ చేరేవాళ్లు. ఆఖరికి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోతే, ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి సూదితో గుచ్చాడు. కుక్క పేరు రాసిన చుక్క శనగగింజంత ఉబ్బింది. కుక్కను ఇంట్లోంచి తీసేయమని కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితాన్ని పది రోజులు బ్యాగులో దాచాను. భయం రోగం గురించి కాదు. మొగుడు పోయిన ముసలావిడను కోడలు కుక్క వంకతో వెళ్లగొట్టిందని అనడానికి లోకానికి ఇంతకంటే ఏం కావాలి? కుక్క పోతే ఆమె కూడా దాని వెంటే పోతుందని నాకు తెలుసు.

ఒక ఆదివారం బట్టలు ఉతికే బండ దగ్గర గోడ పట్టుకుని ఒగరుస్తుంటే అత్తమ్మ చూసింది. కూర్చోబెట్టి ఏమైందో చెప్పే దాకా కదలనివ్వలేదు. కాగితం తెచ్చి చదివి వినిపించాను. ఇన్ని రోజులు ఎందుకు దాచావని మాత్రం అడిగింది. నిజమే చెప్పాను. తల ఊపింది.

ఆ వారంలోనే మా ఆడబిడ్డ వచ్చింది. సంగతి విని, కుక్క పడకపోవడం కాదు, నాకు తన తల్లే పడటం లేదని వరండాలో నలుగురూ వినేలా అంది. వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది. అప్పుడు అత్తమ్మ అన్న మాటలు నేను చచ్చేదాకా మరిచిపోను.

"మీ బాపు పత్తి నూగు మింగి మింగి ఎట్ల దగ్గిండో నీకు ఎరుకలేదా? పక్కన గూసొని నేను ఇన్న. మనిషి అబద్ధమాడుతది గని తుమ్ము అబద్ధమాడదు. గీ ఇంట్ల కోడలు ఉంటది, కుక్క ఉంటది. ఎట్లనో నేను జూసుకుంట."

పెళ్లయిన పదకొండేళ్లలో నా పక్కన అంత గట్టిగా ఎవరూ నిలబడలేదు. మా ఆయన కూడా. ఇది చదివితే ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి.

చూసుకుంటానంది గానీ మొదటి అడుగే తప్పటడుగు. రోగమంతా బొచ్చులో ఉంది గనుక బొచ్చు తీసేస్తే సరిపోతుందనుకుంది. అక్కన్నపేట నుంచి గొర్రెల బొచ్చు కత్తిరించే ఆయన్ని పిలిపించింది. గొంగళ్ల కోసం జీవితమంతా గొర్రెలను కత్తిరించిన మనిషి, కుక్కను ఎన్నడూ ముట్టలేదు. అయినా కండెను గొర్రెను పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి, నాలుగు కాళ్లు పట్టించి, పెద్ద కత్తెరతో తల నుంచి తోక దాకా తీసేశాడు. లేచి నిలబడితే అది ఈకలు పీకిన కోడిలా ఉంది. గల్లీ గల్లీ నవ్వింది. చలికి వణుకుతుంటే అత్తమ్మ దానికి మామయ్య పాత బనియను తొడిగింది. ఆ వారం నాకు కళ్లు తెరవలేనంత వాపు, మాట రానంత ఆయాసం.

డాక్టరు సంగతి విని ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. రోగం తెచ్చేది బొచ్చు కాదని, కుక్క ఒంటి మీద నుంచి రాలే సన్నటి పొట్టు, దాని చొంగ అని, బొచ్చు తీసేసరికి ఆ పొట్టు ఇంకా తేలికగా గాలిలో కలిసిందని వివరించాడు. కంటికి కనబడదు, తేలుతుంది, బట్టలకు అంటుకుంటుంది, ఊడిస్తే లేస్తుంది అని ఆయన చెబుతుంటే అత్తమ్మ ముఖం విప్పారింది.

"గట్లనా? ఇది నూగు ముచ్చట గద, సారూ. నూగు సంగతి నాకు జెప్తరా?"

నేతింట్లో పుట్టి, నేతింట్లో మెట్టిన మనిషి. గంజి పెట్టిన పడుగు మీద దుమ్ము వాలితే బట్ట చెడుతుంది గనుక మగ్గం ఉన్న గదిలో చీపురు ఎత్తేవాళ్లు కాదట, తడిగుడ్డే. ఊడిస్తే లేస్తది, తుడిస్తే సస్తది అనేది ఆమె మాట. డాక్టరు మాత్రం మెత్తబడలేదు. ఊదితే ముల్లు పైకి జరిగే గొట్టం ఒకటి ఇచ్చి, దాని మీద ఒక గీత చూపించాడు. రోజూ మందు పీల్చాలి, మూడు నెలల్లో ముల్లు ఆ గీత దాటాలి, దాటకపోతే కుక్క పోవాల్సిందే అన్నాడు. అత్తమ్మ ఇంటికి వచ్చి ఆ గీత దగ్గర ఎర్ర నూలు దారం కట్టింది. దారం దాటకపోతే కండెను తీసుకుని చంద్లాపూర్‌లో తన తమ్ముడి దగ్గరికి పోతానంది. ఆ మాట నన్ను చూస్తూ అనలేదు, ముడి బిగిస్తూ అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చీపురు మూలన పడింది. పొద్దున ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి తడిగుడ్డతో ఇల్లంతా తుడిచేది. పరదాలు తీసేయించింది. నా దుప్పటి వేడినీళ్లలో తానే నానబెట్టేది. ఆదివారం ఆదివారం కండెకు వెనక వాకిట్లో స్నానం. కండె జాగ వరండా, గడప దాటితే ఒప్పుకునేది కాదు. అన్నిటికంటే వింత, కుక్క కోసం ఒక చీర కేటాయించింది. దాన్ని ముట్టేటప్పుడు ఆ చీర, తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడిగి వేరే చీర కట్టుకుంటే గానీ లోపలికి రాదు. ముసలావిడకు ఈ వయసులో మడి పిచ్చి పట్టిందని పక్కింటివాళ్లు చెవులు కొరుక్కున్నారు. ఆమె పట్టించుకోలేదు.

రోజూ చాయకు ముందు నేను గొట్టం ఊదాలి. మొదటి నెల ముల్లు దారానికి చాలా కింద ఆగింది. రెండో నెల దగ్గరికి వచ్చి వచ్చి మొరాయించింది. ఆమె గుడ్డ పిండుకుని మళ్లీ తుడిచేది. మోకాళ్లు కాయలు కాశాయి. నేను తుడుస్తానంటే, నువ్వు నూగులోకి రావద్దని కసిరేది. పదో వారం ఒక పొద్దున ముల్లు దారం దాటింది. నేను నమ్మలేదు. ఆమె అసలే నమ్మలేదు, గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి మళ్లీ ఊదించింది. మళ్లీ దాటింది. ఆ రోజు శనగలు ఉడికించి పెద్ద గిన్నెడు గుడాలు చేసి గల్లీ అంతా పంచింది. ఎందుకని అడిగినవాళ్లకు, మా కోడలు గెలిచిందని చెప్పింది.

డాక్టరు ముల్లు చూసి, ఇల్లు తుడిచేది ఎవరని అడిగి, బయట కూర్చున్న రోగులకు ఆ పద్ధతి చెప్పమన్నాడు. అత్తమ్మ కొంగు దోపుకుని నిలబడి, చీపుర్ల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేను ఒక్క తరగతిని అంత నిశ్శబ్దంగా కూర్చోబెట్టలేదు.

ఆమెను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు. నా పప్పుచారు ఏనాడూ మెచ్చలేదు. ఒక దీపావళికి పటాకులకు బెదిరిన కండెను ఎవరికీ చెప్పకుండా లోపలికి తెచ్చి నా మంచం కింద పడుకోబెట్టింది. నేను రెండు రోజులు దవాఖానలో ఉన్నాను. ఆ రెండు రోజులూ వార్డు బయట బెంచీ మీదే కూర్చుంది, తప్పయిందని మాత్రం అనలేదు. ఇంటికి వచ్చాక బీరువాలో ఉతికి మడతపెట్టిన బట్టలను కూడా తీసి మళ్లీ ఉతికింది. అదే ఆమె క్షమాపణ అనుకుని తీసుకున్నాను.

అత్తమ్మ పోయిన పదకొండో రోజు, పిట్టకు అంటే కాకికి పెట్టడానికి ఆమె పుట్టిన చంద్లాపూర్‌కు పోయాం. ఆ పొద్దున నారాయణరావుపేట చుట్టం ఒకాయన, కండెను తమ పొలం కావలికి తీసుకుపోతానని, సాయంత్రానికి ఆటో కూడా మాట్లాడానని చెప్పాడు. మా ఆయన నావైపు చూసి, ఊపిరి నీది, నీ ఇష్టం అన్నాడు. ఏడేళ్లు ఆమె చేసిన చాకిరి నా చేత అవుతుందా అని నిజంగానే భయపడ్డాను.

ఆ ఊరి రిజర్వాయరు ఒడ్డున విస్తరి వేసి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఉడికిన గుడ్డు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ముడితే పోయినవాళ్లకు ఏ కోరికా మిగల్లేదని, ముట్టకపోతే ఏదో మిగిలిందని మావాళ్ల నమ్మకం. కాకులు వేపచెట్టు మీదే కూర్చున్నాయి, దిగలేదు. అక్కను ఏటా బతుకమ్మకు పిలుచుకుంటానని మా ఆయన మాటిచ్చాడు. తమ్ముడితో గొడవ పడనని ఆడబిడ్డ మాటిచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్క కాకీ కదలలేదు.

నేను ముందుకు పోయి విస్తరి దగ్గర నిలబడ్డాను.

"అత్తమ్మా, కండె ఏడికీ పోదు. నేనే కడుగుత, నేనే తుడుస్త. నా ఊపిరి నేను జూసుకుంట."

వెనక్కి పది అడుగులు వేశానో లేదో, ఒక కాకి దిగింది. నా మాటకు దిగిందో, ఆకలికి దిగిందో నేను చెప్పలేను. బడిలో పిల్లలు అడిగితే ఆకలికే అంటాను. ఆడబిడ్డ నా చేయి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. కాకి జొన్నరొట్టె తునక నోట కరుచుకుని, నీళ్లకు తగిలీ తగలనట్టు ఎగురుతూ అవతలి ఒడ్డు వైపు పోతుంటే, నేను ఛాతీ నిండా గాలి పీల్చుకుని అది చుక్కంతయ్యే దాకా చూస్తూ నిలబడ్డాను.