వెనక పట్టు కోసం పలివెల దాకా

కుస్తీలో ఎదుటివాడి వెనక్కి చేరడం నాకు తెలుసు. అక్కడ నిలవడమే తెలియదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చూసి పట్టుకున్న విద్య. రెండు తీర్థాల్లో, అంటే ఊరి జాతర పోటీల్లో, వెనక నుంచి నడుము దొరకబుచ్చుకుని కూడా ఓడిపోయాను. ఈసారీ ఓడితే రాజోలు తరఫున వేరే మనిషిని దింపుతామని మా పెద్దలు చెప్పేశారు. అందుకే పలివెలలో ఉంటున్న పాత వస్తాదు వీర్రాజు గారిని వెతుక్కుంటూ బయలుదేరాను.

పాశర్లపూడి రేవులో మొదటి పడవెక్కాను, దాటడానికి అణా. అటుపక్క నుంచి జట్కాలో అమలాపురం, అక్కడ ఆరణాల టిక్కెట్టుతో బస్సెక్కి కొత్తపేట చేరేసరికి పదయింది. పలివెలకు నడిచాను. వీర్రాజు గారు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. సంగతి విని, చేతులు దులుపుకుని, ఇసుకలో మోకాళ్లూ అరచేతులూ ఆనించి వంగారు.

"పట్టండి, చూద్దాం."

వెనక నుంచి నడుము చుట్టూ చేతులు బిగించాను. ఆయన పక్కకు ఒరిగారు; నేను ఇసుకలో ఉన్నాను. మళ్లీ పట్టాను, మళ్లీ అంతే.

"నన్ను కౌగిలించుకోడానికి గోదారి దాటొచ్చేరా? ఇంటికాడ ఎవరూ లేరేంటండీ?" అన్నారు.

వంటింటి గుమ్మంలో ఆయన భార్య సత్తెమ్మ గారు నవ్వేశారు.

"ఉన్నారండి," అన్నాను.

"కొబ్బరిచెట్టు ఎక్కుతారా?"

"ఆయ్, ఎక్కుతానండీ."

"ఎక్కండి మరి."

కాళ్లకు తాటి బందం తగిలించుకుని రెండు నిలువుల ఎత్తు ఎక్కాను. కింద నుంచి కేకేశారు. "అక్కడే ఆగండి! బరువెక్కడుందండీ, చేతుల్లోనా?"

చూసుకున్నాను. బరువంతా కాళ్ల మీదుంది. చేతులు మానును ఊరికే చుట్టుకుని ఉన్నాయి.

"మనిషీ మానేనండి, కాకపోతే కదులుతాడు. కాళ్లతో పట్టి, రొమ్ము వీపుకి ఆనించండి. చేతులు కాపలాకే."

దిగి మళ్లీ పట్టాను. ఒక కాలు ఆయన తొడ లోపలికి మెలివేసి, రొమ్ము వీపు మీద మోపి, చేతులు వదులు చేశాను. ఆయన ఒరిగితే నేనూ ఒరిగాను. లేవబోతే నా బరువూ వెంట లేచింది. ఎటు తిరగబోతున్నారో ఆయన ఊపిరే ముందుగా చెప్పింది.

"చాలు బాబూ, దిగండి, నడుం పోయేలా ఉంది!"

"ముప్పయ్యేళ్ల నుంచీ నాకు దొరకలేదండీ ఈయన, మీకు దొరికేరు," అంటూ సత్తెమ్మ గారు విస్తరి వేశారు. వేడన్నం, పనసపొట్టు కూర. ఆ రుచి ఇంకా గుర్తుంది.

దక్షిణ ఇవ్వబోతే వీర్రాజు గారు నా చెయ్యి మూసేశారు. "మీకాడికెవరైనా వస్తే మీరూ వంగండి. అది చాలు."

తర్వాత వచ్చిన తీర్థంలో నా పట్టు నిలిచింది. రాజోలు తరఫున ఇంకా నేనే దిగుతున్నాను. అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది గెలుపు కాదు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం అంత పెద్దాయన ఇసుకలో మోకరిల్లడం. పలివెల వెళ్లేవారు ఆ రోజు ఒంటికి నూనె రాసుకోకండి, పట్టు జారుతుంది. అంత దూరం పోలేనివారు రాజోలులో మా ఇంటికి రండి. నేను వంగుతాను.